షాక్ కొట్టే బటన్లు

ఉదయగిరి చుట్టుపక్కల కొత్త ఓటర్లకు ఓటు వేయడం నేర్పిన మహానుభావుడని మా పార్టీ పెద్దమనిషిని ఇప్పటికీ పొగుడుతుంటారు. అది అబద్ధమని ఆయన వెంట తిరిగిన నేనే చెప్పాలి. అట్టపెట్టెతో చేసిన ఓటు మిషన్ ముందు కొత్తగా ఓటొచ్చిన పిల్లల చూపుడువేలు గట్టిగా పట్టుకుని, తన పార్టీ బటన్ మీదే పెట్టించేవాడు.

ఒక పల్లెలో చెరువు చేపలు పట్టేవాళ్ల అమ్మాయి వేలు వెనక్కి లాక్కుని అడిగింది: “మిగతావి నొక్కితే ఏమవుతాది సార్?”

“షాక్ కొడతాది మే!”

అందరం నవ్వాం. ఆ పిల్ల నవ్వలేదు.

పోలింగ్ రోజు బూత్ బయటికొచ్చి నాతో మెల్లిగా అంది: “వేరేవాళ్లకు వేద్దామనుకున్నానన్నా. భయమేసి సార్ చెప్పిందే నొక్కినాను.”

ఆయనకు చెప్పాను. “చూసినావా, ట్రైనింగంటే అదిరా!” అని నా వీపు తట్టాడు.

ఆ పిల్ల మొదటి ఓటు ఆయన కాజేశాడు. ఆయన వీపు తట్టాడని నేను పొంగిపోయాను.