మ్యూట్‌లో పెళ్లిచూపులు

మా నగరిలో మరమగ్గాలున్న ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాలంటే చాలా ఓపిక ఉండాలి. ఇటు మగ్గాల టకటక, దాని మీద మా అరుపులు. బాగున్నామని చెప్పినా అవతలివాళ్లకు మేం కొట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. అందుకే మా వీధిలో గొంతు కంటే పెదాలతోనే పని ఎక్కువ. మగ్గానికి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడి, గొంతు బయటికి తేకుండా, పక్కింటి తగాదా నుంచి రాత్రికి కూరేమిటన్నదాకా అన్నీ పెదాలతోనే మాట్లాడేసుకుంటారు. నాకూ ఆ విద్య మాటలతో పాటే వచ్చింది.

మా అమ్మకైతే అదొక్కటే దిక్కు. మగ్గాల మధ్య నిలబడి నిలబడి ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో అందరం చెవికి ఆనించుకుని తిరుగుతుంటే, అమ్మ మాత్రం వెలుగుతున్న ఫోన్‌ను నాయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. తర్వాత వీడియో కాల్ వచ్చింది. ఇక చూడాలి మా అమ్మ దర్జా! వడమాలపేటలో ఉండే పెద్దమ్మతో గంటలకొద్దీ కబుర్లు, అదీ సౌండు మొత్తం తీసేసి. పెద్దమ్మ కాస్త మొహం తిప్పితే చాలు, “ఫోను సరిగ్గా పట్టుకోక్కా, నీ నోరు కనపడ్లే!” అని కసురుకునేది.

రెండేళ్ల కిందట నాకు గూడూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. నిమ్మకాయల వ్యాపారం వాళ్లది. ఇప్పుడు పద్ధతి మారింది కదా, ముందు వీడియోలో చూసుకుని, నచ్చితేనే మనుషులు వచ్చేది. బజ్జీల పని తప్పుతుంది, అదొక లాభం. ఫొటోలో అబ్బాయి నాకు నచ్చాడు. చాలా నచ్చాడు, దాచడమెందుకు.

అంతకుముందు ఒక సంబంధం అమ్మకు చెవుడని తెలిసి తప్పిపోయింది. అందుకే ఈసారి నాయన అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. “వాళ్లేమన్నా అడిగితే నేను మాట్లాడతా. నువ్వు నవ్వతా తలూపు, సాలు.” అమ్మ సరేనంది. నేనూ నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే మంట.

ఫోన్‌లో ఏం కనిపిస్తుందని అమ్మ తమ్ముడు, మా మామ, కాల్‌ను టీవీకి తగిలించాడు. అబ్బాయీ వాళ్లమ్మా మా గోడ నిండా కూర్చున్నారు. కాల్ కోసం మగ్గాలు ఆపేశాం కాబట్టి అంతా బాగానే నడిచింది. “మీకు ఎన్ని మగ్గాలున్నాయి వదినా?” అని ఆవిడ అమ్మను అడిగే సమయానికి టీవీలో బొమ్మ ఆగిపోయింది. మాట వచ్చింది గానీ పెదాలు కదల్లేదు. అమ్మ పాపం నవ్వుతూ తలూపింది. నాయన “ఆరు, ఆరు” అని అందుకునేలోపే ఆలస్యమైపోయింది.

బొమ్మ మళ్లీ కదిలింది. ఆవిడ “ఒక్క నిమిషం అన్నయ్యా” అని మ్యూట్ చేసింది. మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదనే ధైర్యం ఇంకెవరింటి ముందైనా చెల్లుతుందేమో గానీ, మగ్గాల ఇంటి ముందు చెల్లుతుందా?

“ఆమెకు వినపడదురా. ఎన్ని మగ్గాలంటే తలూపింది, చూశావా? దాచిపెడుతున్నారు. రేపు పిల్లకూ వస్తే?”

నలుగురం చదివేశాం. నాయన ఫ్యాన్ వైపు చూశాడు. మామ ఊరికే దగ్గాడు. అబ్బాయి ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు. నా ప్రాణమంతా ఆ మీసం కిందే ఉంది. సరిగ్గా అప్పుడే బొమ్మ మళ్లీ బిగుసుకుపోయింది. ఈ నెట్టు దుంప తెగ!

అది కదిలేసరికి అమ్మ లేచి ఫోన్ ముందుకొచ్చి కూర్చుంది.

“వదినా, మీరనింది నిజమే. నాకు సెవులు వినపడవు. పుట్టుకతో వచ్చింది కాదు, మగ్గం కాడ పోయినాయి. నా బిడ్డకు రాదు. రాకూడదనే పదేండ్లకే తీసకపోయి తిరపతి హాస్టల్లో యేసినా. ఈడే ఉంటే దాని సెవులు గూడా పోతాయని, ఏడస్తా ఉంటే ఇడిసిపెట్టి వచ్చినా.”

ఇది నాకు తెలియదు. అల్లరి పిల్లనని వదిలించుకున్నారని అనుకున్నాను. సెలవులకొచ్చి మగ్గాల దగ్గరికి పోతే అమ్మ కర్ర పట్టుకుని తరిమేది. ఆ కోపంతో ఎన్ని పండగలు ఇంటికి రాకుండా ఎగ్గొట్టానో!

టీవీలో ఆవిడ ఫోన్‌ను తిప్పి తిప్పి చూసింది. “మ్యూట్‌లోనే ఉంది కదరా! ఎట్లా తెలిసింది?” అదీ చదివాం. అబ్బాయి నవ్వాపుకోలేక మ్యూట్ తీసేశాడు. “నేను చెప్తానే ఉన్నా కదమ్మా, వాళ్లనే అడుగుదామని.”

ఆవిడ మొహం కందిపోయింది. తర్వాత ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని, ఒక్కో మాటా నింపాదిగా పలికింది. “తప్పయిపోయింది వదినా. ఆదివారం వస్తాం. మగ్గాలు ఆపబాకండి, మీరెట్లా మాట్లాడుకుంటారో చూడాలి.”

“రాండి, రాండి!” అని అమ్మ వీధి మొత్తానికీ వినిపించేలా అరిచింది.

కాల్ అయ్యాక నాయనా మామా ఆదివారం టిఫిన్‌కు ఏం చేయాలని వాదులాటకు దిగారు. నేను అమ్మ ముందుకు జరిగి, గొంతు తేకుండా అడిగాను. “హాస్టల్ సంగతి అప్పుడే సెప్పుండొచ్చు కదమ్మా?”

“సెప్పుంటే నన్నిడిసి పొయ్యుంటావా నువ్వు?” అంది అమ్మ.