ఎర్ర చెక్కల జవాబు

ఇన్నేళ్లుగా గుండె మీద బండలా మోస్తున్నాను. చెబుదామని ఎన్నోసార్లు కూర్చున్నాను, లేచిపోయాను. మీకు సాయిలు తెలియడు, నేనూ తెలియను. అందుకే మీతో చెబుతున్నాను.

2011లో మేమిద్దరం సింగపూర్‌లో బిల్డింగుల పనిలో, ఒకే గదిలో ఉన్నాం. నాది ఎల్లారెడ్డి, అతనిది నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. తల్లి పోయాక తనను పెంచిన అక్కను కామారెడ్డి ఆసుపత్రిలో చేర్చారని అతనికి ఫోన్ వచ్చింది. పోవాలా, ఆగాలా? ఏమీ తోచక ఆదివారం నాతో పాటు చైనావాళ్ల తావో మతపు పాత గుడికి వచ్చాడు. సముద్రం దాటి బతకడానికి వచ్చినవాళ్లను కాచే తల్లి గుడి అది.

నేను అంతకుముందే వెళ్లేవాణ్ణి. అక్కడ గుడి చూసుకునే ముసలాయన నాకు పద్ధతి చూపించాడు. మూడు అగరుబత్తులు నుదుటికి ఆనించి ఇసుక గంగాళంలో గుచ్చాలి. మోకాళ్ల మీద కూర్చుని, పేరూ ఊరూ చెప్పుకుని, అడగాల్సింది అడిగి, నెలవంకల్లా, ఒకవైపు చదునుగా ఒకవైపు ఉబ్బుగా ఉండే రెండు ఎర్ర చెక్కలను నేల మీద వదలాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదు. సాయిలుకు ఇదేమీ తెలియదు. జవాబు చెప్పాల్సింది నేనే. అతను కళ్లు మూసుకుని, నాగిరెడ్డిపేట మండలం, ఎల్లారెడ్డి దగ్గర అంటూ తల్లికి తెలుగులోనే అడ్రసు చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఊరికి పోవచ్చా అని అడిగి చెక్కలు వదిలాడు.

ఒకటి బోర్లా. ఒకటి వెల్లకిలా.

"ఏమన్నదన్నా తల్లి? పొమ్మన్నదా?"

"వద్దన్నది, సాయిలూ. ఇప్పుడు పోకు."

ఎందుకలా అన్నాను? పోతే మళ్లీ పనిలోకి రానివ్వరని, అతని మంచికేనా? చాలా ఏళ్లు అలాగే నమ్మాను. కానీ చెక్కలు పడగానే నాకు మొదట గుర్తొచ్చింది అతని పని కాదు, అతను లేని గది. అక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. లేక ఇదీ తర్వాత కల్పించుకున్నదేనా? పరాయి దేవత కదా, ఆమె మాట మారిస్తే ఏమవుతుందిలే అనుకున్నానా? తెలియదు. ఎంత తవ్వుకున్నా తేలదు.

అక్క ఆ వారంలోనే పోయింది. చివరిదాకా తమ్ముడేడని అడిగిందట.

ఇప్పుడు ఇద్దరం సింగపూర్ వదిలొచ్చి ఎల్లారెడ్డి దగ్గరే ఉన్నాం. సాయిలు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తల్లినే తిడతాడు. అంత నమ్మి అడిగితే ఆమే మోసం చేసింది, ఇక ఏ దేవతను నమ్మాలంటాడు. ఇంట్లోవాళ్లు పోచమ్మకు బోనం తీసుకెళ్తుంటే గడప దాటడు. నేను పక్కనే తల వంచుకుని వింటాను. నా తప్పుకు తిట్లు తినేది ఆమె.

తల్లి పొమ్మన్నది. వద్దన్నది నేను. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. సాయిలుకు ఇంకా చెప్పలేదు.