అలుగు లేని కట్ట

చిలుకూరు దగ్గర మాకు రెండెకరాల ఎర్రచెలక ఉంది. మధ్యలో పారే ఒర్రె ప్రతి వానకూ గట్లు కోసుకుంటూ, పైమట్టిని కింది చేనుకు మోసుకుపోయేది. ఆ చేను ఓ గొర్రెల కాపరిది. మా మట్టిలో మిరప పండించి, మాకే ఓ గంపెడు పంపేవాడు. నాన్న ఆ కాయలు ముట్టేవాడు కాదు.

ఇంకో నాలుగు వానలైతే చెలకలో రాళ్లే మిగులుతాయని నాన్న జేసీబీ పిలిపించి, ఒర్రెకు అడ్డంగా ఛాతీ ఎత్తున మట్టికట్ట పోయించాడు. ఊళ్లో దానికి చిన్న సాగర్ అని పేరు పెట్టారు. నాన్న అది మెప్పే అనుకున్నాడు.

కాపరి వచ్చి చూశాడు. కులాలు వేరైనా నాన్నను బావా అంటాడు.

"అలుగేది బావా? నిండినంక నీళ్లు యాడికెళ్లి పోవాలె?"

అతను వెళ్లాక నాన్న నాతో, "అలుగు పెడితే మన మట్టి మళ్ల వాని చేన్లకే పోతది. అందుకే అడుగుతుండు" అన్నాడు.

మొదటి పెద్దవానకే కట్ట నిండి, పొర్లి, నడిమధ్యకు తెగింది. కట్ట మట్టి కూడా కింది చేనుకే పోయింది. నాన్న కాపరితో మాటలు బంద్ చేశాడు. అతను తప్పు చెప్పి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాడు. సరిగ్గా చెప్పాడు, అదే వచ్చిన చిక్కు.

గండి పూడ్పించిన రోజే కాపరి పిలవకుండా మందను తోలుకొచ్చాడు. మధ్యాహ్నమంతా గొర్రెలను కొత్త మట్టి మీద అటూ ఇటూ నడిపించాడు. గిట్టలకు మట్టి గట్టిపడింది. తర్వాత ఓ పక్కన కట్టను కాస్త తగ్గించి, రాళ్లు పేర్చి అలుగు పెట్టాడు. నాన్న వేపచెట్టు కింద అటు తిరిగి కూర్చున్నాడు.

"అలుగు కట్టకుండాలె బావా, మనిషికి కాదు" అని కాపరి వెళ్లిపోయాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఏటా తన చేనుకు ఊరికే వచ్చే మట్టిని తన చేతులతోనే ఆపి పోయాడతను.

తర్వాతి వానకు కట్ట నిలిచింది. మట్టి లోపలే పేరుకుంది, పైనీళ్లు అలుగు దాటాయి. మా దగ్గర చెరువు నిండి అలుగు దుంకితే పండగలా యాటను, గొర్రెనో మేకనో, కోస్తారు. నాన్న చాలాసేపు చూసి కాపరికి ఫోన్ చేశాడు.

"అలుగు దుంకింది. యాటను తీస్కరా."

"కట్టదేనా బావా, నీది గూడనా?"

నాన్న ఫోన్ పెట్టేసి, కూరలోకి కాపరి చేను మిరపకాయలే వెయ్యమన్నాడు.