తోడల్లుడి హాలండ్ లైను

మా తోడల్లుడు పోయిన సంగతి నాకు చర్చి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మన సంఘ పెద్ద, రిటైర్డ్ రైల్వే కంట్రోలర్, ఈ ఉదయం ప్రభువు నందు నిద్రించారు" అని పాస్టరుగారు పెట్టిన మెసేజి కింద అప్పటికే చాలామంది చేతులు జోడించేశారు. ఆయన భార్య, మా వదిన, నాకు ఫోన్ చేసేసరికి ఇంకో పది నిమిషాలు పట్టింది. సొంత తోడల్లుణ్ణి, నాకంటే ముందు ఊరందరికీ ఎలా తెలిసింది అని ఆ క్షణంలో కూడా కుళ్ళుకున్నాను. నా బుద్ధి అలాంటిది. దాన్ని దాచిపెట్టి ఆయన గురించి చెప్పడం కుదరదు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళను చేసుకున్నాం. ఆయన పెద్దల్లుడు, మౌలాలి రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. నేను చిన్నల్లుణ్ణి, కోస్తా నుంచి ఉద్యోగానికి సికింద్రాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. నేను ఆయన్ను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే పని. పెద్ద కాగితం మీద అడ్డంగా గంటలూ నిమిషాలూ ఉంటాయి, నిలువుగా స్టేషన్లుంటాయి. బండి కదిలిన కొద్దీ పెన్సిలుతో ఏటవాలు గీత లాగుతూ పోవాలి. ఒకటే పట్టా ఉన్న లైనులో ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే, ఆ రెండు గీతలూ ఏదో ఒక స్టేషను దగ్గరే కలవాలి. ఒకటి ఆగాలి, ఒకటి దాటాలి. దాన్ని మేము క్రాసింగ్ అంటాం. ఆయన గీతలు వెంట్రుకంత సన్నగా ఉండేవి. నావి లావు. ఆఫీసర్లు ఆయన ఛార్టు ముందు నిలబడి మెచ్చుకుని, నా ఛార్టులో కావలసింది చూసుకుని వెళ్ళిపోయేవారు.

దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందట మా ఆఫీసు నుంచి ఒకరిని రెండు నెలల శిక్షణకు హాలండ్ పంపుతామన్నారు. జాబితాలో చివరికి రెండు పేర్లు మిగిలాయి, ఆయనదీ నాదీ. ఆయన వెళ్ళాడు. నేను స్టేషనుకు వెళ్ళి దండ వేసి, నవ్వుతూ ఫోటో దిగి వచ్చాను. ఆ ఫోటో ఇప్పటికీ వదిన గోడమీద ఉంది. అందులో నా నవ్వు చూస్తే పంటినొప్పితో ఉన్నవాడెవరో అనుకుంటారు.

ఆ క్రిస్మస్‌కు తిరుమలగిరిలో మా మామగారింట్లో అందరం చేరాం. మామగారు వచ్చిన ప్రతి ఒక్కరికీ మమ్మల్ని పరిచయం చేశారు. "ఈయన మా పెద్దల్లుడు, హాలండ్ పోయొచ్చిండు. ఈయన చిన్నల్లుడు, ఈయన సుత రైల్వేనే." "కూడా" అనే ఆ "సుత" నాకు ముల్లులా దిగింది. అందరికీ ఆయన హాలండ్ చాక్లెట్లు పంచాడు. నాకు మాత్రం మడతపెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"తమ్మీ, గిది నీ కోసమే తెచ్చిన. చాక్లెట్లు ఎవరైనా తింటరు. గిది ఈ ఇంట్ల నువ్వొక్కనివే సమజ్ చేస్కుంటవ్."

అది ఒక చిన్న లైను టైమ్‌టేబుల్. పొలాల మధ్య, కాలవల పక్కన ఏడు స్టేషన్లు, ఒకటే పట్టా, గంటకొక బండి. ఏ గంటలో చూసినా బండి అదే నిమిషానికి బయలుదేరుతుంది. "ముసలామెకు సుత టైమ్‌టేబుల్ అక్కర్లేదు, గడియారంల పెద్ద ముల్లు జూస్తె సాలు" అన్నాడు. మధ్య స్టేషన్లో రెండు బండ్లూ ఎదురెదురుగా ఆగుతాయట. డ్రైవర్లిద్దరూ ఒకరికొకరు చెయ్యెత్తి, ఎవరి దారిన వాళ్ళు వెళ్తారట. అది చెప్పినప్పుడల్లా ఆయన కూడా చెయ్యెత్తేవాడు. నాకేమో అందరికీ చాక్లెట్లిచ్చి నాకు చిత్తుకాగితం ఇచ్చాడనిపించింది. ఇంటికెళ్ళి దాన్ని పప్పుడబ్బా కింద వేశాను.

హాలండ్‌లో ఆయన ఎవరింట్లో ఉన్నాడో, ఆ ఇంటాయన రిటైరైన రైలు గార్డు. ఏటా డిసెంబరులో కొత్త టైమ్‌టేబుల్ రాగానే ఒక ఉత్తరంతో పాటు పంపేవాడు. మా తోడల్లుడు ఆదివారం చర్చి నుంచి రాగానే భోజనం కూడా చేయకుండా కూర్చుని, ఆఫీసులో పారేసిన ఛార్టుల వెనకవైపు ఆ ఏటి గ్రాఫు గీసేవాడు. పెన్సిలును బ్లేడుతో చెక్కి, ఆ పొట్టును జేబురుమాల్లో మూట కట్టేవాడు. గీసి గోడకు తగిలించి నాకు ఫోన్ చేసేవాడు. "తమ్మీ, కొత్తది వచ్చింది, రా." నేను వెళ్ళి తప్పులు వెతికేవాణ్ణి. ఒక్క ఏడు కూడా దొరకలేదు. ఒక రైలు లైను మీద అసూయపడ్డ మనిషి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఒకసారి శనివారం పొద్దున మోండా మార్కెట్‌లో కలిశాడు. చేతిలో గోంగూర కట్టలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది అన్నయ్యా?"

"పరేషాన్ ఉన్నది తమ్మీ. ఆ లైన్‌ల జనం ఎక్కుతలేరట. బంద్ జేద్దామంటున్నరట."

అయ్యో అన్నాను. ఇంటికి వచ్చేదాకా ఈల వేసుకుంటూ వచ్చాను. మర్నాడు చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. పాస్టరుగారు ఒక్క క్షణం తడబడి, "హాలండ్ దేశములో మూతబడబోవుచున్న ఆ రైలు మార్గమును కాపాడుము తండ్రీ" అని ప్రార్థించారు. మౌలాలి సంఘమంతా ఆమెన్ అంది. నేను అనలేదు.

మరుసటి డిసెంబరులో ఉత్తరం వచ్చింది. లైను మూయలేదు. ఇంకో చిన్న కంపెనీకి అప్పగించారు. వాళ్ళు తేలికపాటి కొత్త బండ్లు తెచ్చి, జనం లేరన్న లైనులో గంటకొకటి బదులు అరగంటకొకటి నడపడం మొదలుపెట్టారు. జనం ఎక్కారు. మా తోడల్లుడు చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాడు. "బండి నిండినంక బండ్లు పెంచుడు కాదు. పెంచితెనే నిండుతది" అన్నాడు. వెనక బెంచీలో ఆడవాళ్ళకు అది రైళ్ళ సంగతో, సంఘం సంగతో అర్థం కాకపోయినా తలలూపారు.

ఆ తర్వాత ఆ లైనుకు మంచి రోజులే. ఒక బడి పక్కన కొత్త స్టేషను పెట్టారు, ఏడు ఎనిమిదయ్యాయి. ఆదివారాలూ బండ్లు పెరిగాయి. పైన కరెంటు తీగలొచ్చాయి, బండ్లు వేగం పుంజుకున్నాయి, మిగిలిన నిమిషాలను ఆలస్యాలకు కాపుగా పెట్టుకున్నారు. ఏటేటా గోడమీద గ్రాఫు చిక్కబడుతూ వచ్చింది. అరగంటకోసారి గీతలు కలుసుకుంటూ జడ అల్లినట్టుండేది. ఆ గార్డు పోయాక మా తోడల్లుడు టైమ్‌టేబుల్ ఫోన్లో చూసుకోవడం నేర్చుకున్నాడు.

ఇక అసలు సంగతి. రిటైరయ్యే ముందు ఆయన మౌలాలి మీదుగా నడిచే లోకల్ బండ్లకు అదే పద్ధతిలో ఒక గ్రాఫు గీశాడు. ఏ గంటలోనైనా అదే నిమిషం. అప్పటికి నేను ఆఫీసులో టైమ్‌టేబుల్ సెక్షనుకు మారాను. కాగితం చుట్టి నా చేతికిచ్చాడు.

"కాలనీ ఆడోళ్ళు డ్యూటీలకు పోతందుకు ఆటోల కోసం గంటలు గంటలు నిలబడుతున్నరు తమ్మీ. జెర పెద్దసార్లకు చూపెట్టు. నా పేరు లేకున్నా మంచిదే."

నేను విప్పి చూశాను. చూడగానే తెలిసిపోయింది, అంత చక్కటి గ్రాఫు నేను జన్మలో గీయలేనని. మళ్ళీ చుట్టి నా బీరువాలో అడుగున పెట్టాను. పైవాళ్ళు ఒప్పుకునేవారో లేదో, గూడ్సు బండ్ల ఒత్తిడి ఉందనేవారేమో. కానీ నేను అడగనే లేదు. ఏటా డిసెంబరులో ఆయన అడిగేవాడు. "పైన చూస్తున్నారు అన్నయ్యా" అనేవాణ్ణి. కొన్నేళ్ళకు అడగడం మానేశాడు. నేను రిటైరైన రోజు ఆ చుట్టను ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను.

పోయిన వర్షాకాలంలో ఆయన మంచాన పడ్డాడు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాక, ఒక మధ్యాహ్నం ఆ చుట్ట పట్టుకుని వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. చుట్ట ఆయన చేతికిచ్చి చెప్పాను.

"అన్నయ్యా, ఇది పైకి పోలేదు. ఎవరికీ చూపించలేదు. నేనే దాచాను."

ఆయన చుట్ట విప్పాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని పొట్ట మీద పరుచుకుని, వేలితో ఒక్కో గీత వెంటా పోయాడు. మౌలాలి దగ్గర వేలు ఆగింది. నవ్వడం మొదలుపెట్టాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అరె, గీడ జూడు తమ్మీ! ఒకటే ప్లాట్‌ఫారం మీద రెండు బండ్లు పెట్టిన, ఒకటే నిమిషం! గిది పైకి పోతే నా ఇజ్జత్ పోతుండె. నువ్వు ఇయ్యకపోవుడే మంచిగైంది."

కాగితం చుట్టి నాకే తిరిగి ఇచ్చేశాడు. నేను గుమ్మం దాటుతుంటే చెయ్యెత్తాడు.

ఆరోజు నేను గాలిలో తేలుతూ ఇల్లు చేరాను. క్షమాపణ దొరికిందని కాదు, తప్పు దొరికిందని. ఇన్నేళ్ళకు ఆయన గ్రాఫులో ఒక్క తప్పు! ఆ పూట కడుపునిండా తిన్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక, ఇంట్లో ఆ కాగితం తీశాను. ఎందుకో కూడా చెబుతాను. ఆ తప్పును కళ్ళారా చూసుకోవాలనిపించింది. స్కేలు, భూతద్దం పెట్టుకుని మౌలాలి గీత మీద వెతికాను. ఒక బండి వెళ్ళిపోయాక, మూడు నిమిషాలకు రెండోది వస్తోంది. ఇంకోసారి చూశాను. కింది నుంచి పైకి చూశాను. ఎక్కడా తప్పు లేదు.

ఆయన జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళినప్పుడు వదినను అడిగాను. "చివర్లో అన్నయ్యకు కళ్ళు కనిపించేవి కావా?"

"కండ్లకేమైంది? పోయే ముందు రోజు సుత బైబిల్‌ల సన్నక్షరాలు నాకు చదివి వినిపించిండు."

ఆ కూడికలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మంచివారు, క్రమశిక్షణ గలవారు అని చెప్పి కూర్చున్నాను. చెప్పవలసింది అది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా తప్పును మాయం చేయడానికి ఆయన తన గ్రాఫులో లేని తప్పును చూపించాడు. జీవితంలో ఒక్క గీత తప్పని మనిషి, తప్పు గీశానని చెప్పి నన్ను నవ్వుతూ ఇంటికి పంపాడు. కృతజ్ఞతతో ఏడ్చాను, నిజమే. ఏడుస్తూనే, ఇందులోనూ నాకంటే ఈయనే పెద్దల్లుడు అని కడుపు మండింది.

డిసెంబరు వచ్చింది. హాలండ్ లైను కొత్త టైమ్‌టేబుల్ ఫోన్లో తీసుకుని, పాత ఛార్టు ఒకటి పట్టుకుని వదిన ఇంటికి వెళ్ళాను. ఈసారి పొద్దున పూట గంటకు ఇంకో బండి పెంచారు. ఆయన కుర్చీలో కూర్చుని గీసి, పాతవాటి పక్కన తగిలించాను. వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది మరిదీ. ఆయన గీత జెర సన్నగుంటుండె."

ఒళ్ళు మండిపోయింది. కాగితం గోడమీది నుంచి దించి, గీసిందంతా రబ్బరుతో చెరిపేశాను. బ్లేడు అడిగి పుచ్చుకుని పెన్సిలు చెక్కాను, పొట్టు నా జేబురుమాల్లోనే వేసుకున్నాను. మొదటి బండిని మళ్ళీ బయలుదేరదీశాను, ఊపిరి బిగబట్టి, ఒక్కో స్టేషనూ దాటిస్తూ. మధ్య స్టేషను వచ్చింది. పెన్సిలు అక్కడ ఆపాను. ఎదుటి బండి అందుకునే చోటది. ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది.