మూడో గుర్తు

మహబూబ్‌నగర్‌లో మేముండే వీధి మొదట్లో ఒక జెండా గద్దె ఉంది. ఈ పొద్దున కాలేజీకి బయలుదేరితే దానికి కొత్త రంగు వేస్తున్నారు. రంగు డబ్బా వాసన ముక్కుకు తగలగానే లింగయ్య సారు గుర్తొచ్చారు. నల్లగొండలో నేను డిగ్రీ చదివేటప్పుడు రాజనీతిశాస్త్రం చెప్పిన మనిషి. ఇవాళ నేనూ అదే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నానంటే ఆయన చలవే.

రెండు పార్టీల వ్యవస్థ గురించి పాఠం వచ్చిన రోజు ఆయన పుస్తకం మూసేసి, దసరా సెలవుల్లో ఊళ్ళకు పోయి ఒకటే కనుక్కు రమ్మన్నారు. మీ ఇల్లు ఏ పక్షం, ఎప్పటి నుంచి? మా బాపును అడిగితే తాత కాలం నుంచి అన్నాడు. ఎందుకని అడిగితే కసురుకున్నాడు. క్లాసులో ఎవరికీ ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు. సారు మాత్రం లంకెబిందెలు దొరికినట్టు సంబరపడ్డారు. ఎందుకో తెలియకుండానే ఇన్నాళ్ళు నిలిచిన దాన్ని తేలిగ్గా తీసుకోకూడదన్నారు.

ఆయన సొంతూరు కట్టంగూర్ పక్కనే. అక్కడా పక్షాలు రెండే. ఎగువన బస్సు ఆగే చోట ఒక జెండా గద్దె, దిగువన బడి దగ్గర ఇంకొకటి. జనాన్ని కూడా పై గద్దోళ్ళు, కింది గద్దోళ్ళు అనే పిలిచేవారు. రిటైరై ఊరు చేరాక సారు దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా నన్నూ వెంట తిప్పేవారు. అన్నదమ్ములిద్దరు పొలం గెట్టు దగ్గర కొట్లాడుకున్నారని ఒకరు చెబితే, బస్సు ఎక్కడ ఆగాలన్న దగ్గర తెగిందని ఇంకొకరు చెప్పారు. చివరికి ఒక ముసలాయన తేల్చేశాడు.

"పార్టీలు మొన్నొచ్చినయ్ సారూ. పక్షాలు ముందుగాలనే ఉండె. వచ్చిన పార్టీ వచ్చినట్టు వాటి మీద కూసున్నది."

తెలంగాణ వచ్చాక ఆ మాట కళ్ళారా చూశాం. రెండు గద్దెల పెద్దలూ ఒకరి వెనుక ఒకరు ఒకే పార్టీలో చేరారు. ఇక ఊరు ఒకటవుతుందనుకున్నాను. ఎక్కడిది, ఒకే జెండా రెండు గద్దెల మీదా ఎగిరింది.

బడి సంగతి ఒకటి లేకపోతే ఇదంతా తమాషాగానే ఉండేది. పై గద్దె సర్పంచి ఆడపిల్లల మూత్రశాలకు గోడలు లేపాడు. తర్వాత వచ్చిన కింది గద్దె సర్పంచి, పేరు వాళ్ళకు పోతుందని స్లాబు వేయించలేదు. ఎదిగిన పిల్లలు కొందరు బడే మానేశారు. సారు రెండిళ్ళకూ తిరిగి బతిమాలారు. ఇద్దరూ చాయ్ పోశారు తప్ప పని చేయలేదు. దాంతో పంచాయతీ ఎన్నికల్లో ఆయనే సర్పంచికి నామినేషన్ వేశారు. గుర్తు కప్పూ సాసరూ. స్లాబు వేయిస్తానన్నది ఒక్కటే మాట.

ప్రచారానికి నేనూ తిరిగాను. ప్రతి గడపలోనూ మర్యాదే. సారు అంత మంచివాడు లేడని, కానీ ఓటు ఖరాబవుతుందని అనేవాళ్ళు. పక్కింటోళ్ళు వేయరు కదా అని ఈ ఇంటివాళ్ళు, ఈ ఇంటోళ్ళు వేయరు కదా అని పక్కింటివాళ్ళు. ఓట్లడగడం మరిచిపోయి సారు ఆ లెక్కను ఆరా తీస్తూ నిలబడేవారు.

పోలింగ్ అయిన మధ్యాహ్నమే లెక్కింపు జరిగింది. మళ్ళీ కింది గద్దే గెలిచింది. సారుకు డిపాజిట్ దక్కలేదు గానీ, గెలిచినవాడికీ ఓడినవాడికీ ఉన్న తేడా కంటే ఆయనకు పడ్డ ఓట్లే ఎక్కువ. మర్నాడు అన్నాల దగ్గర సారు భార్య సుగుణమ్మ గారు చారు వడ్డిస్తూ మామూలుగా చెప్పేశారు.

"నేను నీకెయ్యలే. పై గద్దెకేసిన."

"ఎందుకే?" అన్నారు సారు, కలిపిన ముద్ద ఆపి.

"నీకేస్తె మళ్ల కింది గద్దోళ్ళే వస్తరు. వాళ్ళొస్తె మన గల్లీకి నల్లా రానే రాదు. నువ్వు గెలువవని ఊరందరికీ ఎరుకే గద."

నాకు మనసు చివుక్కుమంది. సారు ముఖం ఒక్క క్షణం వాడింది. ఆ తర్వాత ఆమెను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు అనుకున్నావు, ఎవరితోనైనా మాట్లాడావా, చివరిదాకా డోలాయమానంగా ఉందా అని. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం ఇంట్లోనే ఉందని నాతో అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నేను మాత్రం నవ్వలేకపోయాను.

స్లాబు మాత్రం పడింది. సారుకు పడ్డ ఆ కాసిని ఓట్లు ఎటు వాలితే అటే గెలుపని రెండు గద్దెలకూ తెలిసొచ్చింది. అంతకుముందు మొండికేసిన సర్పంచే వేసవి దాటకముందే పని ముగించి తలుపులు పెట్టించాడు. ఓడిన పక్షం పోటీపడి అందులో నల్లా బిగించింది. పిల్లలు బడికి తిరిగొచ్చారు. ఊళ్ళో పక్షాలు మాత్రం రెండే. మళ్ళీ నిలబడతానని సారు అంటుండేవారు గానీ, తర్వాతి పంచాయతీ ఎన్నికలు వచ్చేలోగా గుండెపోటుతో పోయారు.

ఆ ఎన్నికలు అయిన వారానికి సుగుణమ్మ గారిని చూడబోయాను. వేలి మీద సిరా గుర్తు ఇంకా పోలేదు. నేను అడగకపోయినా ఆమే అన్నారు.

"గీసారి ఆయనకే ఎయ్యాలనుకున్న బిడ్డా. ఎవ్వరొస్తె నాకేంది అనుకున్న. నిలవడనీకె ఆయనే లేకపాయె."

ఇప్పుడు ఓటుకు వెళ్ళిన ప్రతిసారీ, గెలవడని అందరికీ తెలిసిన పేరును ముందు వెతుకుతాను. ఆ మనిషికి వేస్తానని కాదు. ఆ పొద్దు వాళ్ళింట్లోవాళ్ళు ఎవరికి వేసి వచ్చారో అని.