బీరువాలో దొరికిన సూపర్ హీరో

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను "పెద్దయ్యాక ఏమవుతావు బాబూ" అని అడిగితే, "అవడం ఏంటండి, అయిపోయాను" అని చెప్పడానికి సిద్ధంగా ఉండేవాణ్ణి. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ వయసులో కొందరికి బుద్ధి వస్తుంది, కొందరికి మీసం వస్తుంది. నాకు మాత్రం నా మీద నాకు విపరీతమైన గౌరవం వచ్చింది. ఇప్పుడు ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో కూర్చుని, ఎవరూ గౌరవించని ఫైళ్ళ మీద సంతకాలు పెడుతూ అప్పుడప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటాను. వాడు చేసిన పనికి ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ముందు ఊళ్ళో నా హోదా ఏమిటో చెప్పాలి. మాది ఆత్రేయపురానికి దగ్గర్లో కాలవగట్టు మీదున్న ఊరు. అమ్మకి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నేను పుట్టాను. షష్ఠినాడు తడిబట్టలతో, నాగుల చీర కట్టుకుని సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి వెనకాల పడుకుంటే, కలలో పండో పువ్వో కనిపిస్తే, పిల్లలు పుడతారని మా వైపు నమ్మకం. మా నాయనమ్మ మా అమ్మని మూడేళ్ళు వరసగా అలా పడుకోబెట్టింది. మూడో ఏడు అమ్మకి కలలో అరటిపండు కనిపించిందట, మరుసటేడు నేను కనిపించానట. అప్పట్నుంచి నేను మా ఇంటి పిల్లాణ్ణి కాదు, ఊరి సాక్ష్యాన్ని. ప్రతి షష్ఠికీ గుడి నుంచి రాగానే నన్ను అరుగు మీద పీట వేసి, పట్టుపంచె కట్టి, బొట్టు పెట్టి కూర్చోబెట్టేవారు. పిల్లల్లేని ఆడవాళ్ళు వరసగా వచ్చి కొంగు పడితే నేను ఒక్కొక్క అరటిపండు వేయాలి. పక్కనే నాయనమ్మ కూర్చుని నా జన్మవృత్తాంతం మొదటినుంచీ చెప్పేది. (ఏటేటా ఆ కలలో అరటిపండు పెరుగుతూ వచ్చింది. నాకు పదేళ్ళు వచ్చేసరికి అది గెల అయింది.)

అలాంటి సమయంలో ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి టీవీలో ఒక ఇంగ్లీషు సీరియల్ తెలుగులో రావడం మొదలైంది. ఎక్కడో కొండ కింద రహస్య ల్యాబ్. అందులో డాక్టర్లు చిన్న గాజు పళ్ళేల్లో పిల్లల్ని తయారుచేస్తారు, జన్యువులు అటూ ఇటూ మార్చి. ఒకడు ఇనుము వంచుతాడు, ఒకమ్మాయి జంతువులతో మాట్లాడుతుంది, ఇంకొకడు ఒక్కసారి చూసిన పుస్తకం మర్చిపోడు. పాపం వాళ్ళకా సంగతి తెలీదు, మామూలు ఇళ్ళల్లో పెరుగుతుంటారు. మొదటి భాగంలోనే హీరోకి అటక మీద ఒక ఫైలు దొరుకుతుంది. తెరిస్తే ఒక గుండ్రటి బొమ్మ, అందులో బుడగల్లాంటి చిన్న గుండ్రాలు, కింద ఒక నంబరు. "అంటే... నేను పుట్టలేదా? నన్ను తయారుచేశారా?" అని వాడు గోడకి చేరగిలబడిపోతాడు. నేనూ, మా బావా (మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఏది అడిగినా తెలుసనేవాడు) ఆ రోజు ఉప్మా చల్లారబెట్టుకుని మరీ చూశాం.

నాలుగు వారాలు గడిచాయి. స్కూల్లో పుట్టినతేదీ కాగితం జిరాక్సు తెమ్మన్నారు. అమ్మ పెరట్లో గేదె పాలు పితుకుతూ, బీరువాలో చీరల కింద ఆకుపచ్చ కవరుంది, అందులోంచి తీసుకోమంది. చీరల కింద ఆకుపచ్చ కవర్లు రెండున్నాయి. నేను రెండోది తీశాను. పైన రాజమండ్రిలో ఒక ఆసుపత్రి పేరు, కింద అమ్మ పేరు, నాన్న పేరు, ఒక నంబరు. మధ్యలో ఒక ఫోటో. గుండ్రటి బొమ్మ. అందులో ఎనిమిది బుడగలు. కింద ఇంగ్లీషులో గ్రేడ్ ఏ అని ఉంది. సీరియల్లో వాడు గోడకి చేరగిలబడ్డాడు గానీ నాకు వెనకాల గోడ లేదు, బీరువా తలుపుంది, అది వెనక్కి జరిగి నేను కింద తీసి పెట్టిన చీరల్లో పడ్డాను. అమ్మ పెరట్లోంచి దొరికిందా అని అడిగితే "ఆఁ, దొరికింది" అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు.

బావకి చూపిస్తే వాడు చాలాసేపు మాట్లాడలేదు. (వాడి జీవితంలో అది రికార్డు.) తర్వాత ఫైలు మూసి, ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే, నీ శక్తేమిటి అన్నాడు. ఆ మూడు వారాలు మేం పడ్డ పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇనుము వంచుతానేమోనని నాన్న పలుగు మీద ఊగాను. పలుగు వంగలేదు, నా మెడ పట్టేసింది. గేదె కళ్ళల్లోకి సూటిగా చూసి "రా" అని మనసులో అనుకుంటే అది నిజంగానే వచ్చింది. ఇద్దరం కొయ్యబారిపోయాం. తీరా చూస్తే నా వెనకాల కుడితి బకెట్టుంది. ఒక్కసారి చూస్తే గుర్తుండిపోతుందేమోనని హిందీ పుస్తకం ఒక్కసారే చూసి పరీక్షకి వెళ్ళాను. ఆ మార్కులు చెప్పను. శక్తులు పదమూడో ఏట బయటపడతాయిలే అని బావ సర్దిచెప్పాడు. ఈ సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. సీరియల్లో పెంచిన తల్లి ఫైలు దాచేది శత్రువులకి భయపడి. మా అమ్మ ఎవరికి భయపడి దాచిందో మాకు అర్థం కాలేదు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ ఒక్కతే కదా అనుకున్నాం. అక్కడే ఉంది జవాబు, మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు.

షష్ఠి వచ్చింది. పట్టుపంచె, బొట్టు, పీట, గంపెడు అరటిపళ్ళు. వాకిట్లో పాతికమంది ఆడవాళ్ళు. నాయనమ్మ కథ గెల దగ్గరికి వచ్చింది. వరసలో మా పక్కింటి పిన్ని వచ్చింది. ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం, రేకులు తీయడంలో ఆవిడ చేతికి ఎదురులేదు కాబట్టి ఊరంతా పూతరేకుల పిన్ని అనేవారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లల్లేరు. నా దగ్గర కొంగు పట్టడం అది మూడో ఏడు. పండు వేయబోతుంటే ఆవిడ వంగి, ఎవరికీ వినపడకుండా, "ఈ ఏడన్నా గట్టిగా అనుకుని వెయ్యి నాన్నా" అంది. ఆవిడ కళ్ళు చూశాను. నాకు గుండె కలుక్కుమంది. ఎందుకంటే అంతకుముందు రెండేళ్ళూ నేను ఏమీ అనుకోలేదు. ఎప్పుడు లేపుతారా, ఎప్పుడు పులిహోర పెడతారా అనుకున్నాను. ఇంత నమ్మిన మనిషికి అన్యాయం చేయకూడదు, హీరో అన్నవాడు నిజం చెప్పాలి అనిపించింది. లేచి నించున్నాను.

"పండుతో పనవదు పిన్నీ. నన్ను స్వామి ఇవ్వలేదు. రాజమండ్రి ల్యాబ్‌లో చేశారు. మీరూ అక్కడ చేయించుకోండి" అన్నాను.

అంతటితో ఊరుకుంటే చిన్నపిల్లాడి వాగుడని సరిపెట్టుకునేవారేమో. ఎవరూ నమ్మేలా లేరని లోపలికి పరిగెత్తి ఫైలు పట్టుకొచ్చి, బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఇది నేనే, గ్రేడ్ ఏ అని వాకిలంతా తిప్పి చూపించాను. చప్పట్లు కొడతారనుకున్నాను, మీరు నవ్వినా సరే. వాకిట్లో ఒక్క గాజు కదలలేదు. నాయనమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. గుమ్మంలో పులిహోర గిన్నెతో నించున్న అమ్మ మొహంలో నెత్తుటిచుక్క లేదు. వెనకనుంచి ఎవరో "అయితే ఎవరి బిడ్డోనమ్మా" అని గొణిగారు. ఆ మాటకి అర్థం నాకు తెలీదు గానీ, అది వినగానే అమ్మ గిన్నె కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోవడం చూసి భయం పట్టుకుంది. ఐదు నిమిషాల్లో వాకిలి ఖాళీ. గంపలో పళ్ళు అలాగే ఉన్నాయి.

నాయనమ్మ తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. అమ్మ రెండుసార్లు వెళ్ళి మంచం పక్కన నించుని పిలిచి వచ్చింది. సంగతి విని చేలోకి వెళ్ళిన నాన్న పొద్దువాలేదాకా రాలేదు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, అది ఇంకా ఘోరం. సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్ళి, ఎందుకు దాచావు, నేను హీరోనని శత్రువులకి తెలుస్తుందనా అని అడిగాను. ఆవిడ నన్ను అలా చూసి, నవ్వో ఏడుపో తెలీని గొంతుతో, "హీరోవేంట్రా తండ్రీ. మీ నాయనమ్మ నమ్మకం పోతే నాకీ ఇంట్లో నిలవనీడ ఉండదని దాచాను" అంది. నాకు అప్పుడు తెలిసింది మా ఇంట్లో పడిపోయింది ఏమిటో. నా శక్తులన్నీ ఆ క్షణంలోనే దిగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే పూతరేకుల పిన్ని వచ్చింది, పెరటి దారిన కాదు, వీధి గుమ్మంలోంచి. ముందురోజు అందరితోపాటు వెళ్ళిపోయింది గదా, తిట్టడానికి వచ్చిందనుకుని నేను తలుపు వెనక్కి చేరాను. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని, "ఆ డాక్టరుగారి పేరేంటో చెప్పండి అక్కా. మా ఆయన్ని ఒప్పించుకొచ్చానండి" అంది. అమ్మ మంచం వైపు చూసింది. పిన్ని మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ మంచం వైపే చూసింది. అప్పుడు గోడవైపు నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్ అబ్బాయ్. ఆ కాగితాలు పట్రా. మొదట్నుంచీ చదువు."

నేను చదివాను. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను, తెలిసినంతవరకు. నాయనమ్మ నన్ను అడిగిన మొదటి మాట, ఇందులో మీ నాన్న సంతకం ఉందా అని. ప్రతి పేజీ కింద ఉందన్నాను. "అయితే నిన్న గొణిగినదాని సంగతి నేను చూసుకుంటాలే" అని, కానిమ్మంది. నా బొమ్మ ఫైలు చివర్లో ఉంటుంది. నేను ఎన్నిసార్లు తెరిచినా సరాసరి అక్కడికే వెళ్ళేవాణ్ణి. ముందున్న పేజీలు, అమ్మ చేయించుకున్న టెస్ట్‌ట్యూబ్ వైద్యం వివరాలు, ఆ రోజే మొదటిసారి చూశాను. రోజూ ఇంజక్షన్, పది రోజులు. ఫలితం లేదు. మళ్ళీ పన్నెండు రోజులు. ఫలితం లేదు. నేను మూడోసారి. నాకంటే ముందు రెండుసార్లు ఎవరో రావలసి ఉండి రాలేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

నాయనమ్మ ఇటు తిరిగి లేచి కూర్చుంది. "మీ అక్క ఇంటికి వెళ్తున్నానని రాజమండ్రి వెళ్ళేదానివి, అప్పుడేనా?" అని అమ్మనడిగింది. అమ్మ తలూపింది. "నేను ఊరంతా చెప్పుకున్నాను, మా కోడలికి అక్కగారిల్లంటే పిచ్చి, నాట్ల రోజుల్లో కూడా ఆగదని. తిరిగొచ్చిన పూటే పొయ్యి దగ్గర నించునేదానివి కదే" అంది. మళ్ళీ తనే, "నాకు చెప్తే వచ్చేదాన్ని కదమ్మా" అంది.

"మీరు వద్దంటారేమోనని అత్తయ్యగారూ."

"అనేదాన్నే," అంది నాయనమ్మ. "అని, తర్వాత వచ్చేదాన్ని."

అమ్మ అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా వదిలేసి ఏడ్చింది. నాయనమ్మ పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది. మా ఇంట్లో కోడలు అత్తగారి మంచం మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. పిన్ని కూడా నేల మీద చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది, ఎందుకో తనకే తెలీకుండా. కళ్ళు తుడుచుకున్నాక నాయనమ్మ, బుధవారం మంచిదని, తను కూడా వస్తానని, ఆ డాక్టర్ని తాను అడగాల్సినవి చాలా ఉన్నాయని పిన్నితో చెప్పింది. (అడిగిందట. మొదటి ప్రశ్న, మూడోసారి దాకా ఎందుకు ఆగారండి అని.)

"అసలు సూపర్ హీరో మీ అమ్మగారే కదండీ" అంటారని నాకు తెలుసు. ఆ మాట నేనూ పెద్దయ్యాక ఒకసారి అమ్మతో గొప్పగా అన్నాను. గేదెకి కుడితి పెట్టి రారా అంది. కాబట్టి అది వదిలేద్దాం. నాకు గుర్తొచ్చి నవ్వొచ్చేది ఆ పొద్దున్న నేను నించున్న తీరు. ముగ్గురు ఆడవాళ్ళు ఏడుస్తుంటే మధ్యలో, చేతిలో ఫైలుతో, మెడ ఇంకా పట్టేసి ఉండగా, ఒక పన్నెండేళ్ళ కుర్రాడు. ఒక పలుగుని వంచలేనివాణ్ణి మా నాయనమ్మనే వంచేశాను, ఇదే అయ్యుంటుంది నా శక్తి అని వాడు లోలోపల తీర్మానించుకున్నాడు. రెండు మూడు రోజులు గట్టిగా నమ్మాడు కూడా. వాణ్ణి నేను ఇప్పటికీ తిట్టలేకపోతున్నాను.