దగ్గు ఆగిన మధ్యాహ్నం

మా ల్యాబులో అడ్డసరం ఆకులు ఉడికినప్పుడల్లా ఆ చేదు వాసన నన్ను మన్సూరాబాద్‌లోని మా కిరాయి ఇంటికి లాక్కుపోతుంది. ఆ ఆకులోని పదార్థం నిమోనియా తెచ్చే బ్యాక్టీరియాను ఆపగలదా అని చూడటమే ఇప్పుడు నా పని.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌తో ఎల్బీ నగర్‌లో బస్సులు ఆగిపోయాయి. కాలుతున్న టైర్ల పొగ మా కిటికీదాకా వచ్చింది. తాతకు జ్వరం, తెరిపిలేని దగ్గు. నాయనమ్మ నల్లగొండ నుంచి తెచ్చి పెంచుకున్న అడ్డసరం మొక్క ఆకులు తెంపి కషాయం కాచింది.

“దవాఖానకు తీస్కపోదాం,” అన్నాడు నాన్న.

“జర ఆగు బిడ్డా, గీ కషాయంతోని దగ్గు తగ్గుతది,” అంది నాయనమ్మ.

మధ్యాహ్నానికి దగ్గు ఆగింది. నేను ఎగురుకుంటూ పోయి పక్కింటి గుంటూరు ఆంటీకి చెప్పాను.

“మా తాతకు నయమైంది ఆంటీ! దగ్గుతలేడు.”

ఆవిడ నవ్వలేదు. “ఊపిరి ఎలా తీస్తున్నారమ్మా?”

“మస్తు జల్దీ జల్దీ తీస్తుండు,” అన్నాను గొప్పగా.

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తింది. తాతను మంచంతో సహా ఆ పొగలోంచే దవాఖానకు మోసుకుపోయారు. సాయంత్రం అదే మంచం మీద తిరిగి తెచ్చారు, మొహం మీదుగా దుప్పటి కప్పి.

కషాయం దగ్గును తగ్గించలేదు. నిమోనియా ముదిరి తాతకు దగ్గే బలం పోయింది. ఇప్పటికీ జబ్బు మనిషి గదిలో చప్పుడు లేకపోతే, ఒక్కసారి దగ్గితే బాగుండనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోతాను.